నల్లగుడ్డ కర్రలు పాతని ఏడాది

బుధవారం మధ్యాహ్నం సీవర్ట్ దుకాణంలోకి వచ్చినప్పుడు అతని పిరుదులకు ఒక చేపల పెట్టె అతుక్కుని ఉంది.

పెట్టె మంచిదే. చెక్కది, మూలలకి ఇనప పట్టీలు కొట్టినది. అతను గుమ్మంలో ఆగి బూట్లకున్న మంచు దులుపుకున్నాడు. లోపలున్నవాళ్ళని పేరుపేరునా పలకరించాడు. దుకాణం తలుపు దానంతటదే మూసుకునే రకం కాబట్టి అది వెనకనించి వచ్చి పెట్టెని ఓసారి గుద్దింది. సీవర్ట్ రెండడుగులు ముందుకు తూలి, ఏమీ జరగనట్టే నడుచుకుంటూ వెళ్ళి, నూనె పొయ్యికి వీపు పెట్టి నిలబడ్డాడు.

“ఒక కాఫీ ఇయ్యి డోర్తె,” అన్నాడు.

దుకాణం నడిపే డోర్తె అతనికి వరసకి మరదలు. కాఫీ పోసి తెచ్చి, పెట్టెని ఈ పక్కనించీ ఆ పక్కనించీ చూసింది.

“నిలబడి తాగుతావేం బావా? కూచో. కుర్చీ నువ్వే తెచ్చుకున్నావుగా.”

దుకాణంలో ఉన్న నలుగురూ అప్పటిదాకా బిగబట్టుకున్న నవ్వు ఒక్కసారి బయటికి వచ్చింది. సీవర్ట్ కూడా కాస్త నవ్వాడు. మంచు కరిగి పెట్టె ఊడేదాకా అతనికి వేరే పని లేదు.

జరిగింది చిన్న సంగతి. ఫ్యోర్డ్, అంటే కొండల మధ్యకి చొచ్చుకొచ్చిన సముద్రపు పాయ, దాని మధ్యలో, అన్నిటికన్నా లోతైన చోట, మంచుకి అతను తొలిచిన కన్నం ఒకటుంది. బుధవారం బుధవారం అక్కడికి కుక్కల బండి మీద వెళ్ళి, ఒక ఇనప గొట్టాన్ని తీగకి కట్టి ఆ కన్నంలోంచి అడుగుదాకా దించుతాడు. దిగుతూ దిగుతూ ఆ గొట్టం ఎంత లోతులో నీళ్ళు ఎంత చల్లగా ఉన్నాయో, ఎంత ఉప్పగా ఉన్నాయో తనలో రాసుకుంటుంది. మా నక్సాక్ ఊళ్ళో దాన్ని ‘సముద్రానికి నాడి చూడటం’ అంటారు. ఆ రోజు గొట్టం పైకి లాగుతుంటే నీళ్ళు చిమ్మి అతను కూచున్న పెట్టె మీద పడ్డాయి. పట్టించుకోలేదు. చిన్న తెరమీద అంకెలు చూస్తూ అలాగే కూచుండిపోయాడు. మామూలుగా అయితే అలా కూచోడు. లేవబోయేసరికి పెట్టె కూడా లేచింది.

దుకాణంలో నవ్వులు తగ్గాక గాబా అడిగాడు. గాబా పక్కింటివాడు, గట్టిగా మాట్లాడే రకం, మంచు దారి పడితే ఫ్యోర్డ్ అవతలి ఒడ్డున గాలాల తాళ్ళు వేసుకుని చేపలు పట్టేవాడు.

“సరే బాబాయ్. నాడి ఎలా ఉంది?”

“వెచ్చగా ఉంది.”

“ఎంత పైకి?”

సీవర్ట్ మామూలు ఏడు ఇంత అన్నట్టు చేత్తో నడుం దగ్గర చూపించాడు. తరవాత చెయ్యి గుండెల దాకా ఎత్తాడు. అందరికీ అర్థమయింది. పైన హిమనది కరిగి వచ్చిన తియ్యటి చల్లటి నీళ్ళు, కింద దూరదేశాలనించి వచ్చిన ఉప్పటి వెచ్చటి నీళ్ళు. పై నీళ్ళు దుప్పటి కప్పుకున్నట్టు దళసరిగా ఉన్న ఏడు మంచు గట్టిపడుతుంది. ఈ ఏడు దుప్పటి పలచబడింది, కింద పడుకున్నవాడు లేచి కూచున్నాడు.

“మంచు మీద నేను నించునే ఉన్నాగా! మూర కన్నా దళసరి ఉంది,” అన్నాడు గాబా.

“ఒడ్డున.”

“ఒడ్డున కాకపోతే ఎక్కడ నించుంటారు? నువ్వు దారి కర్రలు ఎప్పుడు పాతుతావో చెప్పు. శనివారం లోపల పాతుతావా లేదా?”

సీవర్ట్ కాఫీలోకి చూశాడు. అతని జుట్టు కాలరు దాటి భుజాల మీదికి దిగి ఉంది. తెల్లటి జుట్టు, చివర్లు వంకరటింకరగా, ఎలకలు కొరికినట్టు. డోర్తె ఆ జుట్టు వంక చూసి, గాబా వంక కళ్ళెర్రజేసి చూసింది.

“ఒరే, శనివారం సంగతి నీకన్నా ఆయనకే ఎక్కువ. నోరు మూసుకుని నీ పొగాకు తీసుకో.”

*

శనివారం బిబియానె పుట్టినరోజు.

బిబియానె సీవర్ట్ భార్య పేరు. ఆమె పోయి ఆరో శీతాకాలం. పట్నం ఆసుపత్రికి హెలికాప్టర్‌లో వెళ్ళి, హెలికాప్టర్‌లోనే తిరిగి వచ్చింది, వెళ్ళేటప్పుడు కూచుని, వచ్చేటప్పుడు పడుకుని. పిల్లల్లేరు. ఆ శీతాకాలం ముగియకముందే అవతలి ఒడ్డున తసియుసక్‌లో ఆమె అక్క మనవరాలు పిపలుక్‌కి ఆడపిల్ల పుట్టింది. మా వైపు పోయినవాళ్ళ పేరు చలిలో వదిలెయ్యరు, పుట్టినవాళ్ళకి తొడుగుతారు. పేరుతో పాటు వరసలూ వస్తాయి. పిపలుక్ రేడియోలో సీవర్ట్‌ని పిలిచి, “తాతయ్యా, నీ భార్య వచ్చింది. మూడున్నర కిలోలుంది. కోపంగా ఉంది,” అని చెప్పింది.

అతను ఆ రోజే బండి కట్టుకుని వెళ్ళాడు. పొద్దుటినించి ఏడుస్తున్న పిల్ల అతని చేతుల్లోకి రాగానే ఊరుకుంది. ముసలమ్మలందరూ “గుర్తుపట్టింది” అన్నారు. సీవర్ట్ మాత్రం, “నా కోటుకి సీలు నూనె వాసన. ఆ వాసనకి ఎవరైనా నోరు మూస్తారు,” అన్నాడు. అన్నాడే గాని, ఆ సాయంత్రం పిల్లని కింద పెట్టలేదు.

ఆ పిల్ల అతన్ని మొగుణ్ణి పిలిచినట్టే “ఏవయ్యా” అంటుంది. అతను “ఏమే” అంటాడు. ఊళ్ళో ప్రతి వంటింటి కిటికీ దగ్గరా ఒక రేడియో ఉంటుంది కాబట్టి, వాళ్ళు మాట్లాడుకునేది రెండు ఒడ్లవాళ్ళూ వింటారు. ఒకసారి, పిల్లకి మూడేళ్ళప్పుడు, సీవర్ట్ తన వయసూ ఆమె వయసూ మరిచిపోయి, “ఏమే, సూదుల డబ్బా ఎక్కడ పెట్టావే?” అని రేడియోలో అడిగేశాడు. ఫ్యోర్డ్ అంతా చెవులు రిక్కించింది. అటునించి ఠక్కున జవాబొచ్చింది: “మంచం కింద!” సీవర్ట్ వెళ్ళి మంచం కింద చూశాడు. సూదుల డబ్బా లేదు. కిందటేడు పోయిన చేతితొడుగు దొరికింది. పాత బిబియానె పద్ధతీ అదే. అడిగింది ఎన్నడూ చేతికివ్వలేదు.

ఆ బిబియానె ముప్పై ఎనిమిదేళ్ళు అతని జుట్టు కత్తిరించింది. ఇప్పుడు ఈ బిబియానె కత్తిరిస్తుంది. ఏడాదికి ఒక్కసారి, తన పుట్టినరోజున, వచ్చినవాళ్ళందరూ కాఫీ తాగుతూ కిస్‌మిస్ కేకు తింటూ చూస్తుండగా, అతన్ని స్టూలు మీద కూచోబెట్టి, నాలుక బయట పెట్టుకుని, ఎక్కడ తోస్తే అక్కడ కత్తిరిస్తుంది. “కదలకయ్యా!” అని కసురుతుంది. ఆ కసురు విన్నప్పుడల్లా ముసలమ్మలు ఒకరినొకరు చూసుకుంటారు. మిగతా ఏడాదంతా అతని తల ఎలుగుబంటితో కలబడినట్టుంటుంది. ఎంతమంది చెప్పినా వేరే ఎవరి చేతికీ తల ఇవ్వడు.

ఈ శనివారంతో పిల్లకి ఐదు నిండుతాయి. ఈస్టరు అవగానే పిపలుక్ పిల్లని తీసుకుని రాజధాని నూక్‌కి వెళ్ళిపోతోంది. అక్కడి బళ్ళో ఉద్యోగం దొరికింది. ఈ శనివారం మంచు దాటితే దాటినట్టు, లేకపోతే లేదు. పడవకి మంచు ఎక్కువ, బండికి తక్కువ. హెలికాప్టర్ పట్నానికి పోతుంది గాని ఎదురుగా కనిపించే ఊరికి పోదు. నూక్ ఎంత దూరమో సీవర్ట్‌కి తెలుసు. బిబియానె లేకుండా అంత దూరం ఎన్నడూ పోలేదు, ఇకముందు పోతాడని అతనే నమ్మలేదు.

*

ఈ గొట్టం పని అతని చేతికి రావటం కూడా బిబియానె పోయిన ఏడే జరిగింది. నూక్ ఆఫీసునించి ఆవియాజా అనే అమ్మాయి వచ్చి, వారం వారం ఒకే చోటికి వెళ్ళేవాళ్ళు ఎవరైనా కావాలంది. తీరం పొడుగూతా ఇలాంటి కన్నాలు పెట్టిస్తున్నామని, అన్నీ కలిపి చూస్తే సముద్రం ఎటునించి వేడెక్కుతోందో, ఎక్కడ ఉప్పు మారుతోందో తెలుస్తుందని చెప్పింది. వేటగాళ్ళు నవ్వారు. చేప లేని చోటికి రెండోసారి వెళ్ళేవాడు ఉంటాడా? సీవర్ట్ చెయ్యెత్తాడు. ఇంట్లో రెండు కప్పులు బల్లమీద పెట్టి ఒకటి మళ్ళీ అలమరలో పెట్టేసే రోజులవి. ఎక్కడైనా కూచోవాలి, కన్నం దగ్గర కూచుంటే ఏం?

అతను అలా కూచోగా కూచోగా, మంచు సంగతిలో ఊరంతా అతని మాట మీదే ఆధారపడింది. డిసెంబరులోనో జనవరిలోనో అతను ఇనప మొన ఉన్న పొడుగు కర్ర, ‘తూక్’, పట్టుకుని బయల్దేరతాడు. అడుగడుక్కీ మంచుని పొడుస్తూ అవతలి ఒడ్డుదాకా వెళ్ళి, దారి పొడుగునా నల్లగుడ్డ కట్టిన కర్రలు పాతి వస్తాడు. ఆ కర్రలు చూశాకే బళ్ళు కదులుతాయి. కర్రలు లేని ఏడు అతని బండి జాడ చూసి కదులుతారు. జాడ కూడా మాటే. అతను అటు పోయాడంటే పోవచ్చనే.

ఈ ఏడు మార్చి వచ్చింది. నడిచలికాలమంతా కనిపించని సూర్యుడూ వచ్చాడు. కర్రలు మాత్రం సీవర్ట్ ఇంటి గోడకి ఆనుకునే ఉన్నాయి.

పెట్టె ఊడిన సాయంత్రం అతను ఆవియాజాకి ఫోన్ చేశాడు.

“అంకెలు వచ్చాయమ్మా?”

“వచ్చాయి సీవర్ట్ గారూ. దక్షిణాన కూడా ఇలాగే ఉంది. ఉత్తరాన డిస్కో అఖాతం వైపు ఇంకా ఎక్కువ. మీరొక్కరే కాదు.”

“అది మంచిదా, చెడ్డదా?”

“ఒక్కరే కాకపోవటమా?” ఆమె నవ్వింది. తరవాత నవ్వు ఆపి, “చెడ్డదే,” అంది.

“ఆ వెచ్చటి నీరు మళ్ళీ కిందికి ఎప్పుడు దిగుతుంది?”

“తెలీదండీ. నిజంగా తెలీదు. శనివారం మీకేదో ప్రయాణం ఉందన్నారుగా పోయినసారి?”

“ఆఁ. క్షవరానికి,” అన్నాడు.

ఆమె ఇంకేదో అడగబోయింది గాని, అతను మర్యాదగా ఉంటానని చెప్పి ఫోన్ పెట్టేశాడు.

*

శుక్రవారం పొద్దున్న గాలి లేదు. అతను కర్రలు బండిలో వేసుకున్నాడు. వాటి పక్కన ఎండబెట్టిన హాలిబట్ చేప మూట పెట్టాడు, పిల్లకి అదంటే ఇష్టం, పాత బిబియానెకి కూడా. కర్రలు పాతుకుంటూ వెళ్తే సాయంత్రానికి తసియుసక్‌లో ఉంటాడు. అదే అతని ఆశ. గాబా కిటికీలోంచి బొటనవేలెత్తి చూపించాడు.

మొదట్లో మంచు బాగానే ఉంది. తూక్‌తో పొడిస్తే మొన ఎగిరి వచ్చి చేతికి దెబ్బ తగిలినంత గట్టిగా ఉంది. కర్ర పాతాడు. ఇంకా కాస్త దూరం వెళ్ళి ఇంకోటి పాతాడు. కన్నం దాటాడు. తరవాత కొండ మొన నీళ్ళలోకి చొచ్చుకొచ్చే చోటు వచ్చింది. అక్కడ అడుగున ప్రవాహం ఇరుకుగా పరిగెత్తుతుంది, మంచుని కిందనించి నాకుతుంది. పైకి ఏమీ తెలియదు. తెల్లగా, చదునుగా, పెళ్ళివారికి పరిచిన తివాచీలా ఉంది.

తూక్‌తో పొడిచాడు. ఆగింది. రెండోసారి పొడిచాడు. మొన దిగిపోయి, చుట్టూ నీళ్ళు నల్లగా ఊరాయి.

కుక్కల్ని పడుకోమని చెప్పి, పక్కకి జరిగి పొడిచాడు. అదే తంతు. ఇంకో పక్క. అంతే. ఒక ముక్క విరిచి నోట్లో వేసుకున్నాడు. ఉప్పగా ఉంది. వయసొచ్చిన మంచు ఉప్పు వదిలేస్తుంది. ఇది నిన్నా మొన్నా పుట్టినది.

అక్కడినించి తసియుసక్ కనిపిస్తోంది. పిపలుక్ ఆకుపచ్చ ఇల్లు కనిపిస్తోంది. ఇంటిముందు ఎవరో తాడు మీద బట్టలు ఆరేస్తున్నారు. వాళ్ళ పక్కన ఎర్రటి చుక్క ఒకటి అటూ ఇటూ పరిగెడుతోంది. పిల్ల కోటు ఎర్రది. కిందటేడు తనే కొన్నాడు.

సీవర్ట్ అక్కడ నిలబడ్డాడు. చుట్టూ ఎక్కడా చప్పుడు లేదు, కుక్కల ఊపిరి తప్ప.

తను తేలికైన మనిషి. కుక్కల్నీ బండినీ ఇక్కడే వదిలి, మూట వీపుకి కట్టుకుని, కాళ్ళు ఎడంగా వేసి, ఈడ్చుకుంటూ నడిస్తే? చిన్నప్పుడు తండ్రి నేర్పిన నడక. దాటగలడు. బహుశా దాటగలడు. దాటకపోతే, ఇంట్లో రెండో కప్పు తీసి పెట్టేవాళ్ళెవరూ లేరు కాబట్టి పెద్ద గొడవ కూడా ఉండదు.

మూట వీపుకి కట్టుకున్నాడు. నాలుగడుగులు వేశాడు. కింద మంచు తోలులా వంగింది, విరగలేదు.

అప్పుడు ఎందుకో వెనక్కి చూశాడు. పలచటి పొడిమంచు మీద అతని అడుగులు స్పష్టంగా పడి ఉన్నాయి. వాటి వెనక బండి జాడ. దాని వెనక నల్లగుడ్డ కర్రలు, ఒకటి, తరవాత ఒకటి, ఇంటిదాకా. రేపు పొద్దున్న గాబా వీటిని చూస్తాడు. చూసి ఎవర్నీ అడగడు. పద్నాలుగు కుక్కల బండి కట్టి, పెళ్ళాన్నీ ఇద్దరు పిల్లల్నీ, డోర్తెనీ, డోర్తె చేసిన కేకునీ ఎక్కించుకుని, పాట పాడుతూ ఈ అడుగుల మీదుగా వస్తాడు.

సీవర్ట్ ఒక మాట అన్నాడు. అది ఇక్కడ రాయదగింది కాదు. అతని నల్ల కుక్క తలెత్తి చూసి, తనని కాదని తెలుసుకుని మళ్ళీ పడుకుంది.

నాలుగడుగులూ వెనక్కి వేశాడు. బూటుతో ఆ అడుగుల్ని చెరిపేశాడు. తిరిగి వస్తూ తను పాతిన కర్రల్ని ఒక్కొక్కటే పీకి బండిలో వేసుకున్నాడు. పాతటం కన్నా పీకటం కష్టమయింది. అప్పటికే గడ్డకట్టుకుపోయాయి.

*

ఆ సాయంత్రం రేడియోలో చెప్పాడు: “నక్సాక్ నించి సీవర్ట్. దారి లేదు. ఎవరూ వెళ్ళకండి. అటునించీ రాకండి.”

కాసేపు గరగర. తరవాత గాబా గొంతు. “బాబాయ్, నువ్వు కర్రలు పాతటం నేను చూశా!”

“పీకటం చూళ్ళేదా?”

“చూశా. ఏవిటిది, తోటమాలి పనా? పాతేదీ పీకేదీ! మా నాన్న రోజుల్లో ఇంతకన్నా పలచటి మంచు మీద—”

“మీ నాన్న ఎక్కడున్నాడ్రా ఇప్పుడు?” అని డోర్తె గొంతు అడ్డొచ్చింది. గాబా తండ్రి సముద్రంలోనే పోయాడు. గాబా గొంతు తగ్గింది, ఆగలేదు.

“పెళ్ళాం దగ్గరికి వెళ్ళటానికి భయపడే మొగుణ్ణి ఇప్పుడే చూస్తున్నా,” అన్నాడు.

రెండు ఒడ్ల మీదా నవ్వారు. సీవర్ట్ కూడా నవ్వాడు, మాట్లాడే మీట నొక్కకుండా.

శనివారం తెల్లవారింది. ఆకాశం కడిగిన పళ్ళెంలా ఉంది. ఎక్కడా చీలిక లేదు, నల్లటి నీళ్ళు లేవు. మంచు ఎండలో మెరుస్తూ, రండి రండి అన్నట్టు అవతలి ఒడ్డుదాకా పరుచుకుని ఉంది. దాంతో వచ్చిన చిక్కే అది. విరిగి ఉంటే కనీసం ఎవరో ఒకరు వచ్చి “నువ్వన్నది నిజమే” అనేవారు. విరగని మంచు ఎవరి మాటా నిలబెట్టదు. పొద్దున్నే గాబా వెళుతూ వెళుతూ ఫ్యోర్డ్ వైపు చెయ్యి చాపి, భుజాలెగరేసి పోయాడు. అతను మాత్రం ఒడ్డు దాటలేదు.

సీవర్ట్ నీళ్ళు కాచుకుని స్నానం చేశాడు. పండగలకి వేసుకునే తెల్ల అంగీ వేసుకున్నాడు. జుట్టు తడిపి వెనక్కి దువ్వాడు. అది వెనక్కి ఉండనంది. బయటికి వెళ్ళి ఇంటిముందు స్తంభానికి పుట్టినరోజు జెండా ఎగరేశాడు. దూరంగా, ఆకుపచ్చ ఇంటి ముందు, అప్పటికే ఒక జెండా ఎగురుతోంది. దుర్భిణీలోంచి చూస్తే దాని కింద జనం లోపలికీ బయటికీ తిరుగుతున్నారు. ఎర్రచుక్క కనిపించలేదు. లోపలుండి ఉంటుంది.

డోర్తె వచ్చింది, చేతిలో కేకుతో. “అక్కడికి పోని కేకు ఎక్కడికో అక్కడికి పోవాలిగా,” అని బల్లమీద పెట్టింది. అలమరలోంచి కప్పులు తను తీసింది. రెండు. ఇద్దరూ తిన్నారు.

“నేను కత్తిరించనా బావా? పిల్లకి చెప్పంలే,” అంది కాసేపటికి.

“వద్దు.”

“ఎలుగ్గొడ్డులా ఉన్నావు.”

“ఎలుగ్గొడ్లకి చలెయ్యదు.”

ఆమె వెళ్ళిపోయాక ఇల్లు ఇంకాస్త పెద్దదయింది. సీవర్ట్ రేడియో దగ్గర కుర్చీ వేసుకుని కూచున్నాడు. చేతులు ఒళ్ళో పెట్టుకున్నాడు. బుధవారం కన్నం దగ్గర కూచున్నట్టే కూచున్నాడు. తీగ దించినవాడికి తొందరుండదు.

మధ్యాహ్నం దాటాక రేడియో గరగరలాడింది. అటు పిపలుక్ గొంతు, “ఇదిగో, ఇది నొక్కి మాట్లాడు. అరవకు,” అంటోంది. తరవాత అరుపు.

“ఏవయ్యా!”

రెండు ఊళ్ళలో ప్రతి వంటింట్లోనూ చెంచాలు ఆగిపోయాయి.

“ఏవయ్యా, ఉన్నావా? స్టూలు వేశాను. దుప్పటి కూడా తెచ్చాను, భుజాల మీద వెయ్యటానికి. కత్తెర పట్టుకుని పొద్దుటినించి కూచున్నాను. అందరూ వచ్చారు, తిన్నారు, వెళ్ళిపోయారు. నువ్వు రాలేదు. నూక్ వెళ్ళిపోతున్నాం తెలుసా? నువ్వెప్పుడూ ఇంతే!”

ఆ చివరి మాట పిల్లకి ఎవరూ నేర్పలేదు. ముప్పై ఎనిమిదేళ్ళు సీవర్ట్ వంటింట్లో పాత బిబియానె నోట వినిపించిన మాట. దుకాణంలో డోర్తె కౌంటరు మీద చెయ్యి ఆనించింది. గాబా ఇంట్లో ఎవరో రేడియో గొంతు పెంచారు.

సీవర్ట్ మీట నొక్కాడు.

“కత్తెర జాగ్రత్తగా దాచవే బిబియానె, ఈలోపల నేను జుట్టు పెంచుతూ ఉంటాను.”